లాయర్ లేకుండా కేసు నడిచి శిక్ష పడితే అప్పీలు ఎలా?

ఈ రోజు మాట్లాడుకునే విషయం ఇది. క్రిమినల్ కేసులో ముద్దాయికి లాయర్ లేడు. తన కేసు తనే చూసుకున్నాడు, శిక్ష పడింది. ఇక అంతేనా? కాదండి, అప్పీలు ఉంది. కానీ గడువు చాలా తక్కువ.

మేజిస్ట్రేట్ కోర్టు శిక్ష వేస్తే సెషన్స్ కోర్టుకి 30 రోజుల్లో వెళ్లాలి. సెషన్స్ కోర్టు వేస్తే హైకోర్టుకి 60 రోజులు, ఉరిశిక్ష అయితే 30 రోజులే. తీర్పు కాపీ కోసం ఆగిన రోజులు ఇందులో లెక్కకి రావు. గడువు దాటినా సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు.

ఇప్పుడు అసలు పాయింట్. లాయర్ లేకపోవడమే అప్పీలుకి బలమైన కారణం కావచ్చు. 1986లో సుక్ దాస్ కేసు చూడండి. అరుణాచల్ ప్రదేశ్‌లో ఆయనకి రెండేళ్ల శిక్ష పడింది. "లాయర్ కావాలని నువ్వు అడగలేదు కదా" అని హైకోర్టు అప్పీలు కొట్టేసింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఉచితంగా లాయర్‌ని ఇస్తారన్న సంగతే తెలియనివాడు ఎలా అడుగుతాడు? ఆ మాట చెప్పాల్సింది కోర్టే. చెప్పలేదు కాబట్టి శిక్ష రద్దయింది.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. కోర్టు లాయర్‌ని ఇస్తానంది, ముద్దాయి తెలిసే వద్దన్నాడు. అప్పుడు ఈ వాదన నిలబడదు. కసబ్ కేసులో 2012లో సుప్రీంకోర్టు ఈ తేడా స్పష్టంగా చెప్పింది. అందుకే ముందు చేయాల్సిన పని, కింది కోర్టు రికార్డులో ఏం రాసి ఉందో చూడటం. లాయర్ గురించి అడిగారా? ఏం జవాబు వచ్చింది?

ఇంకొకటి. అప్పీల్లో సాక్షులందరినీ మళ్లీ పిలవరు. కింది కోర్టులో నమోదైన సాక్ష్యాన్నే చదువుతారు. సాక్షిని క్రాస్ చేయకపోతే, అతను చెప్పింది అలాగే ఉండిపోతుంది. లాయర్ లేని కేసుల్లో అసలు నష్టం ఇదే. అందుకే "శిక్ష రద్దు చేయండి, లేదా మళ్లీ విచారణ జరిపించండి" అని రెండూ అడగాలి. ఢిల్లీ బస్సు పేలుడు కేసులో ఉరిశిక్ష పడిన వ్యక్తికి, సాక్షుల విచారణప్పుడు లాయర్ లేడని, 2012లో సుప్రీంకోర్టు మళ్లీ విచారణకి పంపింది.

నేరం ఒప్పేసుకుని ఉంటే మాత్రం దారి ఇరుకు. శిక్ష ఎంత, అది చట్టప్రకారం ఉందా అన్నంతవరకే అప్పీలు.

మనిషి జైల్లో ఉంటే? జైలు సూపరింటెండెంట్ ద్వారానే అప్పీలు పంపొచ్చు. జైలు శిక్ష పడినవాళ్లకి తీర్పు కాపీ ఉచితం. కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ప్రభుత్వమే లాయర్‌ని ఇస్తుంది. 15100కి ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి.

అప్పీలుతో పాటే శిక్ష నిలిపివేత, బెయిల్ పిటిషన్ కూడా వేయాలి. అప్పీలు వేసినంత మాత్రాన శిక్ష ఆగదు. బెయిల్ మీద ఉన్న మనిషికి మూడేళ్లలోపు శిక్ష పడితే, తీర్పు చెప్పిన కోర్టునే అదే రోజు బెయిల్ అడగొచ్చు.

కింది కోర్టులో ఒంటరిగా నిలబడ్డారు, సరే. అప్పీల్లో మాత్రం ఒంటరిగా వెళ్లకండి. తెలిసినవాళ్లు ఎవరైనా ఈ పరిస్థితిలో ఉంటే ఈ మాట ఈ రోజే చెప్పండి.