భద్రాచలము తాలూకా: ఏఱు, అడవి, ఎల్లలు

భద్రాచలమనగానే శ్రోతలకు శ్రీరామనవమియు, ముత్యాల తలంబ్రాలును, రామదాసు చెఱసాలయు మనస్సున మెదలును. అది సహజమే. కాని నేను నేడు చెప్పబూనినది ఆలయమును గూర్చి కాదు. దాని చుట్టును గల సీమను గూర్చి. నేనా సీమలోనే పుట్టితిని. శబరి గోదావరిలో కలియు కూనవరమునకు చేరువనున్న యొక పల్లె మాది. ముప్పదియేండ్లకు పైగా ఏటియొడ్డు పాఠశాలలందు తెలుగు పండితుడనై యుంటిని.

తెలుగు పండితుడు భూగోళము చెప్పుటేమని కొందరికి సందేహము కలుగవచ్చును. మా వైపు బడులలో ఉపాధ్యాయుడొక్కడే యున్న దినములు తఱచు. ఆనాడు ఛందస్సు చెప్పిన నోటితోనే పటము కూడ చెప్పవలెను. అట్లు చెప్పునపుడు పిల్లలను నేనడుగు మొదటి ప్రశ్న “మన జిల్లా యేది?” అనునది. నేను 1957లో పుట్టినపుడు దానికి జవాబు తూర్పు గోదావరి. నాకు రెండేండ్లు నిండునప్పటికి, 1959లో, ఖమ్మము. 2014లో మరల తూర్పు గోదావరి. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా యేర్పడగా మా పల్లె అందు చేరెను. ఇన్నిమార్లును ఊరు ఉన్నచోటనే యున్నది. అది కదలవలసి వచ్చిన సంగతి తరువాత చెప్పెదను.

గోదావరి ఇంద్రావతిని కలుపుకొని వాయవ్యదిశనుండి వచ్చి చర్ల, దుమ్ముగూడెము, భద్రాచలము, కూనవరముల మీదుగా పాఱి పాపికొండల సందున దూఱును. పూర్వపు భద్రాచలము తాలూకా ఈ యేటికి ఎడమగట్టు. కుడిగట్టున బూర్గంపాడు, పాల్వంచ. బస్తరు కొండలనుండి తాలిపేరు, పాల్వంచ యడవులనుండి కిన్నెరసాని, ఒడిసా కొండలనుండి శబరి వచ్చి యిందు కలియును. పైన నది మైలు వెడల్పున పాఱుచుండగా, పాపికొండలలో దారి మిక్కిలి యిఱుకు. కావున వరద వచ్చినపుడు నీరు దిగువకు జాఱలేక వెనుకకు తన్నును. శబరి నీరు ముందుకు పోలేక యెదురుపోటెత్తును. వాన పడకున్నను మా పల్లెలు మునుగుటకు కారణమిదియే. భద్రాచలమునొద్ద నీటిమట్టము 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కు మూడవది. 1986 ఆగస్టున 75.6 అడుగులు వచ్చెను. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినపుడు కూనవరము, వరరామచంద్రపురము మండలముల జనము గుట్టలెక్కి పరదాలక్రింద దినములు గడపిరి. నేనును గడపితిని.

ఈ వరదయే మా సిరి కూడ. నీరు తీసిన పిమ్మట ఏటియొడ్డు భూములమీదను లంకలమీదను వండలి నిలుచును. అందు మిరప, పొగాకు, పెసర, జొన్న ఎరువు లేకయే పండును. మిరప కోతలకు బస్తరు వైపునుండి కుటుంబములు కుటుంబములుగా కూలీలు వచ్చి చేలగట్లమీదనే గుడిసెలు వేసికొందురు. పొలము దాటి లోపలికి పోయిన కొలది అడవి బ్రదుకు. కోయలు, పాపికొండల వైపున కొండరెడ్లు, పోడు కొట్టి జొన్నలు, సామలు పండించుకొను జనము. పూర్వము టేకు దూలములు తెప్పలుగా కట్టి రాజమహేంద్రవరమునకు నీటిమీద తోలెడివారు. కుడిగట్టున సారపాకలో కాగితపు కర్మాగారము వెలసిన తరువాత జామాయిలు తోటలు పెరిగినవి. ఆ తోటల ‘భద్రాచలము క్లోనులు’ ఇతర రాష్ట్రముల రైతులు కూడ నాటుచుందురట. దేవుని పేరు జామాయిలు మొక్కకు వచ్చునని రామదాసు కలనైన తలపోసి యుండడు.

అడవిపంటలలో రెండింటిని మాత్రము వివరించెదను; ఏలయన ఇంటి ఖర్చు నడచునది వానితోనే. తునికాకు మొదటిది. చలి వెడలుచుండగా పొదలు నఱకుదురు. చైత్రవైశాఖములలో లేతచిగుళ్లు వచ్చును. తెల్లవాఱకమునుపే ఇంటిల్లిపాదియు పోయి ఆకు కోసి, మధ్యాహ్నము నీడను కూర్చుండి యేబదేసి ఆకులు కట్టగా కట్టి, సాయంకాలము కల్లమునకు చేర్చుదురు. ఆ కొలది వారముల కూలియే యేడాది బట్టలకును, పిల్లల పుస్తకములకును ఆధారము. ఆ నెలలలో బడి ఖాళీ. హాజరుపట్టీ చూచి కోపగించిన తనిఖీ అధికారులను నేనెఱుగుదును. ఆకు కట్ట ధర అడిగిన వానిని ఒక్కనిని ఎఱుగను.

రెండవది ఇప్ప. ఫాల్గుణ చైత్రములలో రాత్రియంతయు పువ్వు రాలును. ముందుగా చెట్టుక్రింది ఆకు ఊడ్చి నిప్పుపెట్టి నేల చదును చేయుదురు. వేకువజామున ఏఱి, ఎండబెట్టి, కొంత సంతకు, కొంత ఇంటికి. తరువాత కాయ పండి గింజ వచ్చును, దానినుండి నూనె. ఇప్పచెట్టు అడవిలోనున్నను ఏ చెట్టు ఏ యింటిదో ఊరందరికిని తెలియును. తండ్రినుండి కొడుకులకు పంపకము కూడ జరుగును. ఏ దస్తావేజును లేదు. చింతపండు, తపసిబంక, కరక్కాయ, ముష్టిగింజ, చీపురు మొదలగునవి యింకను కలవు. వీనిని షావుకార్ల తూనికనుండి తప్పించుటకే 1956లో గిరిజన సహకార సంస్థ యేర్పడినది.

ఇక ఎల్లల మాట. మా సీమ పేరు చరిత్రకెక్కినదియే యొక తహశీలుదారు లెక్కలవలన. కంచెర్ల గోపన్న పదునేడవ శతాబ్దిలో తానీషా కొలువున పాల్వంచ పరగణాకు తహశీలుదారుగా నుండి సర్కారు సొమ్ముతో గుడి కట్టించెను. గోలకొండ చెఱసాల పాలయ్యెను. అప్పుడు ఏటికి రెండు గట్లును ఒక్క యేలుబడిలోనివే. పాల్వంచ, భద్రాచలములు ఒక్క జమీనుగా చాల కాలము నడచినవి.

ఈ రెండు గట్లు విడిపోయినది 1860లో. దానికి హేతువు పడవలు. సర్ ఆర్థరు కాటను మొదలగువారు వార్ధా, బీరారు మండలముల ప్రత్తిని గోదావరిమీదుగా సముద్రమునకు దింపవలెనని తలపెట్టిరి. దానికి నది తమ చేతిలో నుండవలెను గదా. 1860 సంధి ననుసరించి నిజాము ఎడమగట్టు తాలూకాలను ఇంగ్లీషువారికి వదలెను. రాయచూరు అంతర్వేదియు, ధారాశివమును ఆయనకు మరల లభించెను. నదిమీద సుంకములు లేకుండుటకు కూడ ఒడంబడిక జరిగెను. మా గ్రామములు మధ్యపరగణాలలో ఎగువ గోదావరి జిల్లా యను పేర సిరొంచకు లోబడినవి. నదిలో రాతిపట్టులు అడ్డమున్న మూడు తావులందు ఆనకట్టలు, లాకులు కట్టనారంభించిరి. మొదటి అడ్డు దుమ్ముగూడెమే. అమెరికాలో అంతర్యుద్ధము జరుగుచున్న కాలమది. ప్రత్తికి గిరాకి హెచ్చు. యుద్ధము ముగిసినది, 1867లో రైలు నాగపురము చేరినది, 1871లో నదీమార్గపు పని నిలిపివేసిరి. దుమ్ముగూడెములో ఆనకట్టయు, లాకులును మిగిలినవి. ఏ పడవలకొఱకు ఎల్ల గీసిరో ఆ పడవలు లేవు. ఎల్ల మాత్రము నిలిచినది.

1874లో భద్రాచలము, రేకపల్లి తాలూకాలను మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేర్చిరి. ఇది కాగితముమీద ఒక పంక్తి. రేకపల్లి కొండలలో దాని ఫలితమెట్లున్నదో చూడుడు. మధ్యపరగణాల యేలుబడిలో పోడునకు గొడ్డలికి నాలుగణాల పన్ను. కొట్టుకొనుటకు ఎక్కడనైనను స్వేచ్ఛ. మద్రాసువారు వచ్చి పన్ను ఇంచుమించు మూడింతలు చేసి, కొన్ని యడవులలో అడుగు పెట్టరాదనిరి. 1879లో రంప పితూరీ లేచినపుడు రేకపల్లి కూడ అందు కలిసినది. ఆ కలహమునకు ఇతర కారణములు పెక్కు గలవు. కాని గొడ్డలిపన్ను మా తాతలనాటి జ్ఞాపకములలో కూడ మిగిలినది. చర్ల, ఆల్బాక, నూగూరు తాలూకాలు మాత్రము మఱికొన్ని దశాబ్దములు మధ్యపరగణాలలోనే యుండి ఇరువదవ శతాబ్ది మొదటి దశాబ్దమున మా వైపు వచ్చినవి.

అప్పటినుండి ఎనుబదియేండ్లకు పైగా ఏఱే రాజ్యముల హద్దు. ఎడమగట్టున కంపెనీ రూపాయి, కుడిగట్టున హాలీ సిక్కా. ఇటు కరణము, మునసబు. అటు పట్వారీ, పటేలు. ఇక్కడ అడంగలు అన్నది అక్కడ పహాణీ. ఏఱు దాటి కోడెను తోలుకొని పోయినచో కరోడుగిరి నాకా వారు సుంకమడిగెడివారు. వియ్యములు మాత్రము ఆగలేదు. దేవుడు ఇంగ్లీషువారి భూమిలో నున్నను నిజాము సర్కారునుండి గుడికి ఏటేటా ధనము వచ్చుచునే యుండెను.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించిన తరువాత భద్రాచలము, నూగూరు తాలూకాలను 1959లో ఖమ్మము జిల్లాలో కలిపిరి. 1965లో భద్రాచలమునొద్ద గోదావరిమీద వంతెన తెఱవబడినది. అంతకుముందు యాత్రికులు రాజమహేంద్రవరమునుండి లాంచీలమీదనో, కొత్తగూడెము రైలుస్టేషనునుండి బండ్లమీదనో వచ్చి పడవ యెక్కెడివారు. ఆ స్టేషను పేరు భద్రాచలము రోడ్డు. దిగిన వారు గుడి యెక్కడని యడుగుట, ఇంకను నలుబది కిలోమీటర్లని విని నీరసించుట పరిపాటి. మా సీమ చరిత్రలో పటము, దారి, సంత యీ మూడును ఒకదానితో నొకటి సరిపడినది ఆ యర్ధశతాబ్దమే యని నా యభిప్రాయము.

పిదప మరల ఏటిమీద పని వచ్చినది. ఈమాఱు పడవలకు గాదు, పోలవరము ఆనకట్టకు. దాని పూర్తి నీటిమట్టము 150 అడుగులు. మునుగు గ్రామములు ఒక రాష్ట్రమున, కట్ట మఱియొక రాష్ట్రమున ఉండరాదని, 2014లో రాష్ట్రము విడిపోయినప్పుడు ఖమ్మము జిల్లాలోని యేడు మండలముల భాగములను ఆంధ్రప్రదేశ్‌లో చేర్చిరి. చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము అటు పోయినవి. కుడిగట్టున కుక్కునూరు, వేలేరుపాడు పోయినవి. భద్రాచలము మండలములో పట్టణము మాత్రము తెలంగాణములో నిలిచి చుట్టుపట్ల పల్లెలు ఎటపాకతో సహా ఆంధ్రమునకు చెందెను. రాముడొక రాష్ట్రమున, పురుషోత్తపట్టణములోని ఆయన మాన్యము మఱియొక రాష్ట్రమున. భద్రాచలమునుండి చర్లకు పోవు బస్సు పట్టణము దాటగనే పొరుగు రాష్ట్రము చొచ్చి, మరల స్వరాష్ట్రమునకు వచ్చును. పట్టణపు చెత్త పోయుటకు కూడ చోటు కఱవైనది.

ఇవి నవ్వుకొనదగిన చిక్కులే. నవ్వరానిది యొకటి చెప్పెదను. ఆ యేడు ఇంటరు ముగించిన కోయపిల్లవాడొకడు, నా శిష్యుడు, పై చదువునకు స్థానికత పత్రము కొఱకు తిరిగెను. ఒక కార్యాలయమువారు “మీ ఊరు మా పరిధి దాటిపోయినది” అనిరి. మఱియొక కార్యాలయమువారు “మీ రికార్డులు మాకింకను చేరలేదు” అనిరి. నేనును వెంట నాలుగుమాఱులు పోతిని. నా జుట్టు నెఱసినది గదా, మాట చెల్లునని నా భ్రమ. పత్రము చేతికి వచ్చునప్పటికి గడువు దాటి పదునొకండు దినములైనది. వాడా యేడు మిరపచేలకు కూలికి పోయెను. మఱుసటి సంవత్సరము చేరెను; కాని కోరిన చదువు కాదు.

మా పల్లె మునుగు జాబితాలో నున్నది. కొన్ని కుటుంబములు పరిహారము పుచ్చుకొని ముందే వెడలిపోయినవి. లెక్క వ్రాయుటకు వచ్చినవారు ఇల్లు కొలిచిరి, పట్టా పొలము వ్రాసిరి, పెరటి కొబ్బరిచెట్లు ఎంచిరి. మా పొరుగింటి కోయ ముసలామె వారివెంట నడచి, “మా ఇప్పలు పదునాలుగు, అవి రాయరా బాబూ?” అని యడిగినది. అవి సర్కారు అడవిలోనివి గావున వ్రాయవీలులేదని వారు మర్యాదగనే చెప్పిరి. ఆమె నా వైపు చూచినది. ఏ చెట్టు ఎవరిదో నాకును తెలియును. నేను సాక్ష్యము పలుకుటకు ఆ పుస్తకములో గడి లేదు.

ఆమె కుటుంబము దూరపు కాలనీకి పోయి చాల కాలమైనది. పోయిన ఫాల్గుణమున ఆమెయు, మనుమలును ఆటో కట్టించుకొని వచ్చిరి. పదునాలుగు చెట్లక్రిందను ఊడ్చి నిప్పు పెట్టిరి. మూడు రాత్రులు మా వసారాలో పండుకొని పువ్వు ఏఱిరి. ఆటో కూలి పోను ఏమి మిగులునని నేనడిగితిని. ఆమె జవాబు చెప్పక తట్టెడు పువ్వు నా అరుగుమీద ఆరబోసి, “సాయంత్రము వరకు తిరగవేయుచుండు, పంతులూ,” అని చెప్పి ఆటో యెక్కినది.