దీపం వెలుగుతోంది సరే, దారి కనిపిస్తోందా?

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను సర్వీసులో ఉన్నంతకాలం వీధిదీపాల రిజిస్టరులో రెండే మాటలు రాశాను: 'వెలుగుచున్నది', 'వెలుగుట లేదు'. ఆ దీపం కింద నడిచేవారికి ఏం కనిపిస్తుందో ఏనాడూ ఆలోచించలేదు. రిటైరై సాయంకాలం నడక మొదలుపెట్టాకనే తెలిసింది.

కిందటి కార్తీకంలో, రోజూ నాతో నడిచే మిత్రులొకరు కాలువమీద పలక లేనిచోట కాలు పడి తుంటి ఎముక విరిగి మంచాన పడ్డారు. ఈనాటి సభకు రాలేకపోయారు. అక్కడ దీపాలు లేక కాదు. రెండు స్తంభాలకూ కొత్త దీపాలున్నాయి. పలక లేనిచోటు ఆ రెండింటి నడుమ, చెట్టుకొమ్మ నీడలో ఉంది.

ఎంతో వెలుగు దాటి వచ్చిన కంటికి ఆ నీడ మరింత చీకటి. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడడానికి 20, 30 నిమిషాలు పడుతుంది. వయసుతోపాటు కంటిపాప చిన్నదవుతుంది, కటకం పసుపుబారుతుంది. 60 ఏళ్లవారి కంటి లోపలి పొరకు చేరే వెలుతురు, 20 ఏళ్లవారికి చేరేదానిలో సుమారు మూడోవంతే. పైగా ఎదురుగా పడే కాంతి మన కటకంలో చెదిరి కళ్లకు జిగేలుమంటుంది. కనుక కంట్లో గుచ్చుకునే దీపం దారి చూపకపోగా దారిని కప్పేస్తుంది.

పాత సోడియం దీపాల పసుపు వెలుతురులో రంగులు తెలిసేవి కావు. బురదా, పడుకున్న కుక్కా ఒకటిగానే కనిపించేవి. 2014లో హుద్‌హుద్ తుఫాను తరువాత విశాఖలోనూ, 2015 నుంచి దేశంలో అనేక పట్టణాల్లోనూ ఎల్.ఇ.డి. దీపాలు వచ్చాయి. రంగులు తెలుస్తున్నాయి. అది మేలే. కాని వెలుతురు సమంగా పడకపోతే ఆ మేలు సగమే. పున్నమి వెన్నెల నేలమీద 0.3 లక్సుకు మించదు. అయినా చిన్నతనంలో ఆ వెన్నెలలో పొలం గట్ల మీద నడిచాం. వెన్నెల అంతటా ఒకే తీరుగా పడుతుంది కదా!

అందుచేత, ఇంకా పెద్ద దీపాలు వేయండని అడగవద్దని నా మనవి. దీపానికి అడ్డొచ్చే కొమ్మలు కొట్టించమని, కళ్లలోకి కొట్టే దీపాలను నేలవైపు వంచమని, కాలువలకు పలకలు వేయించమని అడుగుదాం. అంతవరకు చేతిలో చిన్న టార్చి ఉంచుకోండి. వెలుగు దాటి నీడలోకి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి అడుగు వేయండి.

వినతిపత్రం బయట బల్లమీద ఉంది. మొదటి సంతకం నేనే చేశాను. మీరూ చేసి వెళ్లవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.