లష్కరు బంగళాలు



సికింద్రాబాదునకు మన జనులు పెట్టుకొన్న పేరు లష్కరు. 1798లో నిజాముతో చేసికొన్న సంధిని బట్టి ఇంగ్లీషు కంపెనీవారి పటాలములు హుస్సేను సాగరమున కుత్తరముగా విడిసినవి. 1806లో అప్పటి నిజామగు సికందరు జా పేర ఆ దండునకు సికింద్రాబాదని నామకరణమైనది. కౌటిల్యుని స్కంధావార ప్రకరణము చదువుకొన్న నాట నాకీ లష్కరే కన్నులకు గట్టినది.

గుడారములు పోయి బంగళాలు వచ్చినవి. బంగళా యను మాట బంగాళదేశపు పూరింటినుండి పుట్టినది. దొరలు దానినే ఇటుక సున్నములతో పెంచుకొనిరి. చుట్టును వరండా, ఎత్తయిన కప్పు, వేడిగాలి వెడలుటకు గోడల పైభాగమున చిన్న కిటికీలు, టేకు దూలములపై ఇటుకలు నిలువున పేర్చి సున్నముతో దిమ్మిస కొట్టిన మిద్దె. పొగ తగులకుండ దూరముగా వంటిల్లు, దాని ప్రక్కన నౌకరుల గదులు. పంకా లాగినవాని గదిని పడగొట్టి దొరగారి హాలు మాత్రము నిలుపుట నా మతమున సగము పనియే.

బొల్లారములో 1860 నాటి రెసిడెంటు విడిది నేడు రాష్ట్రపతి నిలయము, దానికి పోషకులున్నారు. సామాన్య కెప్టెను కాపురమున్న యింటి కెవరు? పెక్కింటికి నేల సర్కారుది, కట్టడము మాత్రము గృహస్థుది. దీనిని ఓల్డు గ్రాంటందురు. సర్కారు తలచినపుడు కట్టడమునకు పరిహారమిచ్చి నేలను తిరిగి తీసికొనవచ్చును. అట్టివాడు మిద్దె మరమ్మతునకు వెనుకాడుట వింతయా?

నా మిత్రుడొక డట్టి బంగళాలో నుండెను. వానకాలమున గోడ చెమ్మగిల్లగా, సిమెంటు పూయింపుమని చెప్పినవాడను నేనే. వ్యాకరణము చెప్పుకొనువానికి తాపీపని యేల? సున్నపు గోడ చెమ్మను పీల్చి యెండలో విడుచును; సిమెంటు దాని ముక్కు మూసినది. మూడవ వానకాలమునకు పూత పెళ్లలుగా ఊడి, ఇటుకల ముఖములు సైతము రాలినవి. గోడలోని దూలపు కొన కుళ్లినది. ఆ గదిని కూల్పింపవలసి వచ్చినది. మిత్రుడు నన్నొక్క మాట యనలేదు, అనినచో బాగుండెడిది.

పిదప ఒక వృద్ధ తాపీమేస్త్రి వచ్చి, మిగిలిన గోడల సిమెంటు చెక్కివైచి, గానుగ సున్నము పూసెను. నాలుగు వానకాలములు గడచినవి. గోడలు పొడిగానే యున్నవి. అతనికి డెబ్బది యేండ్లు దాటినవి. ఆ పని నేర్చిన శిష్యుడొక్కడే. అట్టివారిని పిలువవలసినవారు ఈ వర్షములకు ముందే పిలువుడు.