ఏడ్చిన కళ్ళను రుద్దకండి



మన మనిషి వార్డులో ఉంటే కన్నీళ్ళు ఆగవు. లాజరు సమాధి దగ్గర యేసుప్రభువు కూడా ఏడ్చారు. ఏడవడం తప్పు కాదు. కొంగుతో, తువ్వాలుతో కళ్ళను గట్టిగా రుద్దడమే హాని. కంటి చుట్టూ చర్మం చాలా పలచన. కన్నీటి ఉప్పు, తడి, రాపిడి కలిస్తే ఎర్రబడి మండుతుంది.

ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. ముఖానికి మాత్రం చల్లని మంచినీళ్ళు చాలు. శుభ్రమైన మెత్తని నూలు గుడ్డ తడిపి, మూసిన కళ్ళపై 10 నిమిషాలు ఉంచండి. తర్వాత తడి అద్ది, కంట్లో పడకుండా చుట్టూ పలచగా వాజ్‌లైన్ రాయండి. మంట తగ్గేదాకా కాటుక, బామ్ వద్దు.

మన చండ్రుగొండ వైపు పల్లెల్లో ఎవరైనా ఆకు పసరు పిండమంటే వినకండి. నల్లగుడ్డుపై పుండు పడి చూపే పోవచ్చు. చీము, వాపు, కంటినొప్పి, మసక ఉంటే వెంటనే సిస్టర్లకు చెప్పండి.