జట్లు మారిన ఆటగాడు

(సంఘం వార్షిక సమావేశంలో 1987 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

సెక్రటరీ గారు నాకిచ్చిన అంశం "ఐటీ రంగంలో ముప్పై ఏళ్ళు". దాని మీద మాట్లాడితే పిల్లలు ఫోన్లు తీస్తారు, పెద్దలకు కునుకు పడుతుంది. అందుకని ఒక ఫుట్‌బాల్ ఆటగాడి గురించి చెబుతాను. ఐటీ సంగతి దాంట్లోనే వస్తుంది.

ఆయన పేరు బార్తొలోమ్యూ ఓగ్బెచే. నైజీరియా దేశస్థుడు, 1984లో పుట్టాడు. 2002 ప్రపంచ కప్‌లో, ఇంకా 18 నిండకుండానే, అర్జెంటీనా మీద ఆడాడు. అప్పటికే పారిస్‌లో పెద్ద క్లబ్బు పీఎస్‌జీలో ఉన్నాడు. ఆ వయసులో ఆ స్థాయి చూసినవాళ్ళు ఇతను ప్రపంచాన్ని ఏలేస్తాడనుకుని ఉంటారు. అలా జరగలేదు. ఫ్రాన్స్‌లోనే బాస్తియా, మెట్జ్. అక్కణ్ణుంచి ఎమిరేట్స్‌లో అల్ జజీరా. తర్వాత స్పెయిన్‌లో అలవేస్, వయాడోలిడ్, కాడిజ్. గ్రీసులో కవాలా, ఇంగ్లండులో మిడిల్స్‌బరో, నెదర్లాండ్స్‌లో కాంబూర్, విలెమ్ ట్వే. ఒకచోట ఒకటి రెండు సీజన్లు, మళ్ళీ పెట్టె సర్దుకోవడం. 2018లో మన దేశం వచ్చాడు. గువాహటి జట్టు నార్త్ ఈస్ట్ యునైటెడ్‌కు ఒక సీజను, కేరళ బ్లాస్టర్స్‌కు ఒకటి, ముంబై సిటీకి ఒకటి. ముంబైతో కప్పు గెలిచాడు. మరుసటి సీజనుకు ఆ జట్టులో లేడు, 2021లో మన హైదరాబాద్ ఎఫ్‌సీకి వచ్చాడు. మొత్తం ఏడు దేశాలు.

ఇలాంటివాణ్ణి ఇంగ్లీషులో జర్నీమ్యాన్ అంటారు. ప్రయాణాలు చేసేవాడని నేను చాలాకాలం అనుకున్నాను. కాదట. ఫ్రెంచిలో జూర్నే అంటే ఒక రోజు, ఒక రోజు పని. పని నేర్చుకోవడం పూర్తయింది, కానీ సొంత దుకాణం లేదు, యజమాని కాదు, రోజు లెక్కన కూలి తీసుకుని పని చేసి పెడతాడు. పాతకాలం యూరప్‌లో వడ్రంగులకు, తాపీ మేస్త్రీలకు వాడిన మాట అది. అమెరికాలో ఐస్ హాకీ వాళ్ళు ఈ మాట బాగా వాడతారు. అక్కడ మైక్ సిల్లింజర్ అనే ఆయన ఎన్‌హెచ్‌ఎల్‌లో 12 జట్లకు ఆడాడు, వెయ్యికి పైగా మ్యాచ్‌లు. ఒక్క చోటా నక్షత్రం కాలేదు. అయినా అన్నేళ్ళు ఎవరో ఒకరు పిలుస్తూనే ఉన్నారు. అది తక్కువ సంగతా?

మన హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు ఇది కొత్త పద్ధతి. మాస్టార్లకు గుర్తుండే ఉంటుంది, సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు మొదట బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు ఆయన కోచ్‌గా ఉండగా వచ్చినవే. ఆ కాలంలో ఆటగాడంటే పోలీసు ఉద్యోగి. ఆట ఆగిపోయినా జీతం ఆగదు, తర్వాత పెన్షను. కలకత్తా వెళ్ళినవాళ్ళు లేకపోలేదు. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌కు ఆడిన తులసీదాస్ బలరాం ఉన్నారు. కానీ మామూలు ఆటగాడికి ఆధారం ఉద్యోగమే.

మా నాన్నగారిదీ అదే లెక్క. కరెంటు ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు చేసి దండ వేయించుకుని ఇంటికొచ్చారు. నేను 1993లో మొదటి ఉద్యోగంలో చేరాను. సైబర్ టవర్స్ 1998లో తెరిచాక మాదాపూర్ వచ్చాను. టెలికాం సాఫ్ట్‌వేర్ నా పని. ఇప్పుడున్నది తొమ్మిదో కంపెనీ. ప్రతిసారీ నాన్నగారు ఒకటే అడిగేవారు: "మళ్ళీ మారావా? ఎప్పుడు స్థిరపడతావురా?" ఎనిమిదో కంపెనీ దాకా అడిగారు. తొమ్మిదోది ఆయన చూడలేదు.

ఆటకే వస్తాను. మా ఆఫీసు నుంచి గచ్చిబౌలి బాలయోగి స్టేడియం దగ్గరే. 2002 జాతీయ క్రీడల కోసం కట్టింది, మరుసటేడు ఆఫ్రో-ఏషియన్ క్రీడలు కూడా అక్కడే జరిగాయి. 2022-23 సీజన్‌లో నేను సాయంత్రం పని ముగించుకుని, ఐడీ కార్డు మెళ్ళో ఉండగానే వెళ్ళి మ్యాచ్‌లు చూసేవాణ్ణి. ఓగ్బెచేకు అప్పటికి 38 ఏళ్ళు. కుర్రాళ్ళు మైదానమంతా పరిగెడుతుంటే ఈయన నడుస్తుంటాడు. ఇద్దరు డిఫెండర్ల మధ్య, ఇద్దరికీ నాదికాదులే అనిపించే జాగాలో నిలబడతాడు. బంతి ఎటు నుంచి వస్తుందో ముందే తెలిసినట్టు రెండడుగులు వేసి ఒక్కసారి తాకుతాడు, అంతే. కొత్త జట్టులో చేరిన స్ట్రైకర్‌కు వారాల్లో తెలిసిపోవాలి: ఫలానావాడు బంతి కాలికిస్తాడా, ఖాళీలోకి ఇస్తాడా, కార్నర్ ఎంత ఎత్తులో వేస్తాడు. ప్రతి ఏడూ కొత్తవాళ్ళతో ఇది మొదటినుంచీ నేర్చుకున్నవాడికి అదే ఒక విద్య అయిపోతుంది. పన్నెండేళ్ళు ఒకే జట్టులో ఉన్నవాడికి ఆ అవసరమే రాదు.

లెక్కలు చూడండి. గువాహటికి 12 గోల్స్, కేరళకు 15, ముంబైకి 8. హైదరాబాద్‌కు మొదటి సీజన్‌లో 18, రెండోదాంట్లో 10. మొత్తం 63. అప్పటికి ఐఎస్‌ఎల్‌లో అంతకంటే ఎక్కువ ఎవరూ కొట్టలేదు. తర్వాత సునీల్ ఛెత్రి దాటాడు. గోల్డెన్ బూట్ ఇప్పించిన ఆ 18 గోల్స్ వచ్చింది 37 ఏళ్ళ వయసులో. ఆ ఏడాదే మన జట్టు కప్పు గెలిచింది. కోవిడ్ వల్ల మ్యాచ్‌లన్నీ గోవాలోనే పెట్టారు కాబట్టి మనం టీవీలో చూసి సంతోషించాం.

ఆ ఫైనల్‌లో ఇంకొకాయన ఉన్నాడు, గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి. 2015 ఫైనల్‌లో ఆయన ఎఫ్‌సీ గోవాకు ఆడాడు. గెలుస్తున్న మ్యాచ్‌లో చివరి నిమిషాల్లో బంతి ఆయన్ని తగిలి సొంత గోల్‌లోకి పోయింది, వెంటనే చెన్నై ఇంకొకటి కొట్టి కప్పు పట్టుకుపోయింది. అది మడ్గావ్ ఫతోర్డా స్టేడియం. 2022 మార్చి 20న అదే స్టేడియంలో, హైదరాబాద్ చొక్కాతో, కేరళ మీద షూటౌట్‌లో మూడు పెనాల్టీలు ఆపాడు. 3-1తో గెలిచాం. నాకైతే ఓగ్బెచే గోల్స్ కంటే ఇదే ఎక్కువ గుర్తుంటుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఇలాంటి బతుకులో రెండో పక్క చెప్పకపోతే పిల్లల్ని మోసం చేసినట్టే. కప్పు గెలిచిన ఏడాదిన్నరకే హైదరాబాద్ ఎఫ్‌సీలో డబ్బులు ఎండిపోయాయి. ఆటగాళ్ళకు, సిబ్బందికి జీతాలు బాకీ పడ్డాయి. కొత్తవాళ్ళను తీసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. 2024 మొదట్లో విదేశీ ఆటగాళ్ళు, పేరున్న మనవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మిగిలిన కుర్రాళ్ళతో నడిచిన ఆ సీజన్‌లో గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్. చివరికి క్లబ్బే ఢిల్లీ తరలిపోయి పేరు మార్చుకుంది. అసలు ఆ క్లబ్బు 2019లో పుణె జట్టు స్థానంలో ఇక్కడికి వచ్చింది. ఊళ్ళు మారడం ఆటగాళ్ళకే అనుకుంటాం, జట్టుకూ తప్పలేదు.

నా సంగతీ చెప్పేస్తాను. రెండేళ్ళ కిందట, 52 ఏళ్ళ వయసులో, నేను పనిచేస్తున్న కంపెనీ మా విభాగం మొత్తం ఎత్తేసింది. పదిహేను నిమిషాల వీడియో కాల్. లాప్‌టాప్ కొరియర్‌లో పంపమన్నారు. ఏడు నెలలు ఖాళీగా ఉన్నాను. అమ్మాయి ఇంజనీరింగ్ మూడో ఏడు, ఇంటి లోను ఇంకా ఉంది. పొద్దున్నే తయారై బొటానికల్ గార్డెన్‌లో నడిచి, అపార్ట్‌మెంట్‌లో వాళ్ళు ఆఫీసులకు వెళ్ళిపోయాక ఇంటికి చేరేవాణ్ణి. ఇంటర్వ్యూలో ముప్పై ఏళ్ళ కుర్రాడు "సార్, ఇన్ని కంపెనీలు ఎందుకు మారారు" అన్నాడు. ఓగ్బెచే పేరు చెబుదామని నోటిదాకా వచ్చింది, ఉద్యోగం కావాలి కాబట్టి ఊరుకున్నాను. చివరికి నా పాత సీనియర్ ఒకాయన పిలిచి పని ఇచ్చారు. పన్నెండు నెలల కాంట్రాక్టు. వచ్చే జూన్‌లో అయిపోతుంది.

ఆ ఏడు నెలల్లో మన సంఘం సమావేశం ఒకటి జరిగింది. నేను రాలేదు. రావాలంటే గేటు దగ్గర ఫారం నింపాలి: పేరు, బ్యాచ్, సంస్థ, హోదా. ఆ ఆఖరి రెండు గళ్ళలో ఏం రాయను? తర్వాత వాకబు చేస్తే మా బ్యాచ్‌లోనే మరో ఇద్దరు ఆ కారణంగానే మానేశారని తెలిసింది. ఉద్యోగం పోయినవాడికి పాత స్నేహితులు కావలసిన సమయం అదే కదా.

అందుకని కమిటీకి ఒక చిన్న మనవి. ఈ స్వర్ణోత్సవ సంచికతోపాటు వేస్తున్న డైరెక్టరీలో "సంస్థ, హోదా" గళ్ళు తీసేసి, వాటి స్థానంలో "ఏ పని వచ్చు", "ఎవరికి నేర్పగలరు" అని రెండు గళ్ళు పెట్టండి. రిటైరైన మాస్టార్లు కూడా నింపవచ్చు, ఇంట్లో ఉండే ఆడపడుచులు కూడా నింపవచ్చు. నమూనా ఫారం ఒకటి రాసి సెక్రటరీ గారికి ఇచ్చాను. మొదటి ఫారం నాదే, నింపి దానికే జతచేశాను.