చలికి ఇంకు గడ్డకడుతుందా?

(బిలాస్‌పూర్‌లో శాఖల కౌంటర్ సిబ్బందికి జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం స్టేషనరీ నిర్వహణ. విషయం చిన్నదే. కానీ నవంబరు నెలలో మన కౌంటర్ ముందు నిలబడే రైల్వే పింఛనుదారులకు ఇది చిన్న విషయం కాదు. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వచ్చినవారు పాస్‌బుక్ కూడా చేతపట్టుకొని వస్తారు. ప్రింటర్ పనిచేయకపోతే డెబ్భై ఏళ్ల మనిషిని ‘రేపు రండి’ అని పంపుతాం. ఆయన మళ్లీ ఆటో ఎక్కాలి.

గత చలికాలంలో మా శాఖకు వచ్చిన కార్ట్రిడ్జుల పార్శిలు రెండు రాత్రులు బయటే ఉండిపోయింది. పెట్టె తెరిస్తే కార్ట్రిడ్జులు మంచులా చల్లగా ఉన్నాయి. ఒకటి పెట్టి చూస్తే గీతలు గీతలుగా ప్రింటయింది. ‘దారిలో గడ్డకట్టి పాడైపోయాయి, మొత్తం లాట్ తిప్పి పంపేద్దాం’ అన్నారు మావాళ్లు. పాత నిల్వ అయిపోయింది. కొత్తది రావాలంటే వారం పడుతుంది.

అప్పుడు కౌంటర్ దగ్గర ఒక పెద్దాయన ఉన్నారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి గూడ్సు గార్డుగా పనిచేసి, ఇక్కడే స్థిరపడ్డవారు. మా మాటలు విని నవ్వారు. ‘బాబూ, కట్నీ లైనులో ఎన్నో చలికాలాలు రాత్రిళ్లు బ్రేక్‌వ్యాన్‌లో తిరిగాను. పెండ్రారోడ్ దగ్గర చేతులు కొంకర్లు పోయేవి గానీ, నా సీసాలో నీళ్లు ఏనాడూ గడ్డకట్టలేదు. నీళ్లే గడ్డకట్టని చలికి నీ ఇంకెలా గడ్డకట్టింది?’ అన్నారు.

ఆయన ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. ఇంక్‌జెట్ ప్రింటర్లో వాడే ఇంకులో ఎక్కువ భాగం నీరే. నాజిల్ దగ్గర ఎండిపోకుండా అందులో గ్లైకాల్ వంటి ద్రవాలు కలుపుతారు. ఉప్పునీరు మామూలు నీటికన్నా ఆలస్యంగా గడ్డకట్టినట్టే, ఈ ఇంకు కూడా సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టదు. సున్నాకు ఇంకా చాలా కిందికి దిగాలి. ఎప్సన్ వారి మాన్యువళ్లు చూడండి. గడ్డకట్టే ఉష్ణోగ్రత మోడల్‌ను బట్టి సున్నాకు పదికి పైగా డిగ్రీల కింద ఉంటుంది. బిలాస్‌పూర్‌లో జనవరి రాత్రి పది డిగ్రీల దగ్గరకు వస్తేనే మనం మంటలు వేసుకుంటాం. అంబికాపూర్, మైన్‌పాట్ వైపు ఇంకా చల్లగా ఉంటుంది, గడ్డి మీద మంచు పేరుకునే రోజులూ ఉన్నాయి. అయినా అట్టపెట్టెలో ఉన్న ఇంకు గడ్డకట్టేంత చలి మన ప్రాంతంలో లేదు.

అలాగని గడ్డకట్టడం వల్ల ఏ నష్టమూ లేదని కాదు. మనలో ఎవరికైనా రేపు లేహ్, కార్గిల్ వైపు బదిలీ కావచ్చు. అక్కడ ఇది నిజమైన సమస్యే. నీరు మంచుగా మారితే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి కార్ట్రిడ్జి సీలు వదులు కావచ్చు, పెట్టె పగలవచ్చు, లోపల గాలి బుడగలు చేరవచ్చు. పిగ్మెంట్ ఇంకులో రంగు రేణువులు ఒకచోట ముద్దకట్టే ప్రమాదమూ ఉంది. కానీ ఒకసారి గడ్డకట్టినంత మాత్రాన ప్రతి కార్ట్రిడ్జీ పనికిరాకుండా పోదు. నెమ్మదిగా కరగనిస్తే చాలావరకు మామూలుగానే పనిచేస్తాయి. గడ్డకట్టినది 25 డిగ్రీల దగ్గర సుమారు మూడు గంటల్లో వాడకానికి వస్తుందని ఆ మాన్యువళ్లే చెబుతాయి. చల్లని చోటి నుంచి తెచ్చిన కార్ట్రిడ్జిని ఎలాగైనా మూడు గంటలు గదిలో ఉంచాకే వాడమంటాయి.

ఎందుకంటే చలికి ఇంకు గడ్డకట్టకపోయినా చిక్కబడుతుంది. వెంట్రుకకన్నా సన్నని నాజిల్ నుంచి చిక్కటి ఇంకు సరిగా దూకదు, అందుకే గీతలు. ఆ రోజు మేము చేసింది ఇంతే. కార్ట్రిడ్జులను సీలు విప్పకుండా మధ్యాహ్నం వరకు బల్లమీద ఉంచాం. పెట్టి చూసిన దాన్ని ఒకసారి హెడ్ క్లీనింగ్ చేశాం. అన్నీ పనిచేశాయి.

ఇక లేజర్ ప్రింటర్ టోనర్. అది పొడి, అందులో గడ్డకట్టే నీరు లేదు. చల్లటి టోనర్‌ను వెచ్చని, తేమగల గదిలో వెంటనే విప్పితే దానిమీద చెమ్మ పడుతుంది. అంతవరకే జాగ్రత్త. పాస్‌బుక్ ప్రింటర్ రిబ్బన్‌ది నూనె ఆధారిత ఇంకు. చలికి మొదటి నాలుగు లైన్లు మసకగా రావచ్చు, అంతే. ఆ తరువాత కూడా మసకగానే ఉంటే చలిని తిట్టకండి. రిబ్బన్ అరిగిందా, హెడ్ పిన్నుల్లో దుమ్ము చేరిందా చూడండి. మనది బొగ్గు ప్రాంతం, కోర్బా వైపు శాఖలవారికి నేను వేరే చెప్పక్కర్లేదు.

మిత్రులారా, మన అసలు శత్రువు జనవరి కాదు, మే నెల. ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటే రోజులు మీకు తెలుసు. ఎండలో ఆగిన మూసిన వ్యాన్‌లో అంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది. ఆ వేడికి టోనర్ పొడి మెత్తబడి ఉండలు కడుతుంది. ఇంకు ఉబ్బి కారుతుంది, రిబ్బన్ ఎండిపోతుంది. గడ్డకట్టిన ఇంకు కరుగుతుంది గానీ, ఉండకట్టిన టోనర్ మళ్లీ పొడి కాదు. చలికి పనికొచ్చే సరుకును తిప్పి పంపుతూ, వేసవిలో పాడైన సరుకుకు సంతకం పెట్టి తీసుకోవడం మన శాఖల్లో జరుగుతున్న పొరపాటు.

కాబట్టి మీకు నా విన్నపాలు నాలుగు. పార్శిలు రాగానే పెట్టె తడిసిందా, నలిగిందా, కారిందా చూసి, ఉంటే చలాన్ మీదే రాయండి. గడువు తేదీ చూసి రిజిస్టర్‌లో ఎక్కించండి. చల్లగా ఉంటే మూడు గంటలు ఆగండి, హీటర్ దగ్గరా ఎండలోనూ మాత్రం పెట్టవద్దు. వేసవి, చలికాలం రెండింటి అవసరాలకూ ఇండెంట్ ఒక నెల ముందే పంపండి. ఏప్రిల్, మే పార్శిళ్లు మార్చిలోనే తెప్పించుకోండి, నవంబరు రద్దీకి కావలసినవి అక్టోబరుకల్లా బీరువాలో ఉండాలి.

ఎనభై దాటినవారు అక్టోబరు నుంచే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వవచ్చు. అంటే మన మొదటి వరుసలో నిలబడేది అందరికన్నా పెద్దవాళ్లు. వాళ్లను ఇంకు లేదని వెనక్కి పంపకుండా ఉంటే చాలు, ఈ తరగతి ఫలించినట్టే.