పసిబిడ్డ ఖర్చు ఎవరి లెక్కలో పడుతోంది?

(సామాజిక శాస్త్రాల పరిశోధక విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పనిచేసే కుటుంబాలకు పిల్లల సంరక్షణ ఖర్చులో ప్రభుత్వ సాయం గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ఈ మాట వినగానే చాలామందికి పాశ్చాత్య దేశాలు గుర్తొస్తాయి. అక్కడ డేకేర్ బిల్లులో కొంత ప్రభుత్వం కడుతుంది, లేదా పన్నులో తగ్గిస్తుంది. మన ఆదాయపు పన్ను చట్టంలో డేకేర్ ఖర్చుకంటూ ప్రత్యేక మినహాయింపు లేదు. ఉంటే బాగుండేదని నగరాల్లో ఉద్యోగాలు చేసే మిత్రులు అంటుంటారు. ఉన్నా అది పన్ను కట్టేవాళ్లకే కదా. నాలుగిళ్లలో అంట్లు తోమే అమ్మకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. అందుకే నేను పన్ను దగ్గర ఆగను. ప్రభుత్వం ఇప్పటికే ఎవరి పిల్లల కోసం ఎంత ఇస్తోంది, ఏ రూపంలో ఇస్తోంది, అది ఎవరి గడప దగ్గర ఆగిపోతోంది అన్నదే నా ప్రశ్న.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసే మహిళకు సర్వీసు మొత్తంలో 730 రోజుల చైల్డ్ కేర్ లీవు ఉంది. మొదటి 365 రోజులకు పూర్తి జీతం, తర్వాతి 365 రోజులకు 80 శాతం. ఇది ఆరో వేతన సంఘం సిఫార్సులతో 2008లో వచ్చింది. మంచి హక్కే. దాన్ని తగ్గించమని ఎవరూ అడగక్కర్లేదు. అదే ఆఫీసులో మరుగుదొడ్లు కడిగే అవుట్‌సోర్సింగ్ కార్మికురాలికి ఎన్ని రోజులు? చైల్డ్ కేర్ లీవు అనే మాటే ఆమె కాంట్రాక్టులో ఉండదు. ఒకే భవనం, ఒకే గేటు, ఇద్దరూ తల్లులే. పారిశుద్ధ్య పని ఏ కులాల మీద పడిందో ఈ హాల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. విధానం రాసిన కాగితంలో కులం పేరు ఎక్కడా కనిపించదు. పర్మినెంటు, కాంట్రాక్టు అనే రెండు మాటలే ఆ పని చేసిపెడతాయి.

ఈ గీతను సుప్రీంకోర్టు ఒకసారి చెరిపింది. ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్‌లో మస్టర్ రోల్ మీద పనిచేసే ఆడవాళ్లు ప్రసూతి సెలవు అడిగితే, వాళ్లు రెగ్యులర్ కాదని కార్పొరేషన్ వాదించింది. ప్రసూతి చట్టం వాళ్లకూ వర్తిస్తుందని కోర్టు 2000లో చెప్పింది. కాన్పు సెలవు వరకు అలా తేలింది. సెలవు అయిపోయి పనిలోకి వచ్చిన రోజు బిడ్డను ఎక్కడ పెట్టాలన్నది తేలలేదు.

ఇక్కడ బాబాసాహెబ్ దగ్గరికి వెళ్లాలి. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సౌకర్యాల బిల్లును ఆయన సమర్థించారు. కాన్పుకు ముందు, తర్వాత తల్లికి దొరికే విశ్రాంతి దేశ ప్రయోజనమని, కాబట్టి భారంలో పెద్ద భాగం ప్రభుత్వమే మోయాలని ఆయన ఒప్పుకున్నారు. అయితే ప్రభుత్వం మోయడం లేదన్న సాకుతో ఆమె శ్రమతో లాభపడే యజమానిని వదిలేయడానికి మాత్రం ఒప్పుకోలేదు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా ఉన్నప్పుడు గనుల్లో పనిచేసే ఆడవాళ్ల పిల్లల కోసం శిశుగృహాలు పెట్టించే చట్ట సవరణను తెచ్చారు. మనం అంబేడ్కర్‌ను రిజర్వేషన్లకు, రాజ్యాంగానికి కుదించి చదువుతున్నాం. బొగ్గు గని పక్కన ఉయ్యాల ఎవరు కట్టాలన్నది కూడా ఆయనకు రాజ్యం తేల్చాల్సిన విషయమే.

ఆ ఆలోచన నుంచి తర్వాతి చట్టాలు ఎంత దూరం వచ్చాయో చూడండి. 1948 ఫ్యాక్టరీల చట్టం 30 మందికి మించి ఆడవాళ్లు ఉంటే క్రెష్ పెట్టమంది. మొదట ఆ అంకె 50, 1976లో 30 చేశారు. ఆడవాళ్లను లెక్కపెట్టే ఏ నియమంలోనైనా ఒక చిక్కుంది. 31వ మహిళను పనిలోకి తీసుకోకపోతే యజమానికి ఆ ఖర్చే ఉండదు. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి, ఆడా మగా కలిపి 50 మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థా క్రెష్ ఏర్పాటు చేయాలన్నారు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చన్నారు. లెక్క మారడం మేలే. పిల్లలు ఆడవాళ్ల సొంత సమస్య కాదని చట్టం కనీసం అంకెల్లో ఒప్పుకుంది. 2020 సామాజిక భద్రత కోడ్ కూడా ఆ 50నే కొనసాగించింది. కానీ ఖర్చంతా యజమానిదే. ప్రభుత్వం పైసా వేయదు. బాబాసాహెబ్ మాటలో పెద్ద భాగం మోయాల్సినవాడు తప్పుకున్నాడన్నమాట. పైగా పనిని నలుగురు కాంట్రాక్టర్లకు ముక్కలు చేస్తే ఎవరి దగ్గరా 50 మంది ఉండరు.

నిజామాబాద్, కరీంనగర్, జగిత్యాల వైపు మిత్రులు ఇక్కడ ఉన్నారు. బీడీ కార్మికుల కోసం 1966లోనే చట్టం వచ్చింది. అందులోనూ క్రెష్ ఉండేది, కానీ అది ఖార్ఖానాకు. మన అమ్మలు, అక్కలు బీడీలు చుట్టేది ఇంట్లో. తునికాకు ఇంటికొస్తుంది, తంబాకు ఇంటికొస్తుంది, కట్టలు ఇంటి నుంచి పోతాయి. క్రెష్ మాత్రం ఇంటికి రాదు. ఒళ్లో చాట, పక్కన బిడ్డ. తంబాకు ధూళి ఇద్దరికీ. ఇంటి దగ్గరే ఉంటుంది కదా, పిల్లల్ని చూసుకుంటుందిలే అని అందరూ అనుకుంటారు. చాట ఒళ్లో ఉండగా బిడ్డను ఎత్తుకోవడం ఎలాగో అనుకునేవాళ్లు చెప్పాలి. చాలా ఇళ్లలో ఆ ఎత్తుకునే పని పెద్ద కూతురిది. బడి మానేసిన అమ్మాయిల మీద పరిశోధన చేసేవాళ్లు తల్లిదండ్రుల నిరక్షరాస్యత, పేదరికం అని రాస్తారు. ఇంట్లో మూడేళ్లలోపు బిడ్డ ఉందా అని కూడా ప్రశ్నాపత్రంలో ఒక గడి పెట్టండి.

ప్రభుత్వం నేరుగా నడిపేవి లేవా అంటే ఉన్నాయి. 1975లో ఐసీడీఎస్ మొదలైంది. అంగన్‌వాడీకి నేను వ్యతిరేకిని కాదు, దాని అన్నం తిని పెరిగిన తరం మనది. కానీ అది ప్రధానంగా మూడు నుంచి ఆరేళ్ల పిల్లల్ని కూర్చోబెట్టుకునే చోటు, అదీ కొన్ని గంటలే. మూడేళ్లలోపు బిడ్డకు రేషన్ ఇంటికిస్తారు, బిడ్డను ఉంచుకోరు. కూలికి పోయే తల్లి తిరిగొచ్చేది సాయంత్రం. ఆ ఖాళీని పూడ్చాల్సింది జాతీయ క్రెష్ పథకం. ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలకు, నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబం నెలకు 20 రూపాయలు కట్టాల్సి ఉండేది, మిగతావాళ్లు ఆదాయాన్ని బట్టి 100 లేదా 200. కాగితం మీద ఇంతకన్నా మంచి సాయం అడగలేం. 2017లో కేంద్రం తన వాటాను 90 శాతం నుంచి 60కి దించి, రాష్ట్రాలు 30, నడిపే స్వచ్ఛంద సంస్థ 10 పెట్టుకోమంది. తర్వాతి కొన్నేళ్లలో వేల కేంద్రాలు మూతపడ్డాయి. 2022లో మిషన్ శక్తి కింద దానికి పాల్నా అని పేరు మార్చి, అంగన్‌వాడీలనే క్రెష్‌లుగా చేస్తామన్నారు. దారి సరైనదే. కానీ ఆ పని ఎవరితో, ఎంతిచ్చి చేయిస్తారు?

పాత పథకంలో క్రెష్ వర్కర్‌కు నెలకు 3,000, హెల్పర్‌కు 1,500 రూపాయలు. దానికి గౌరవ వేతనం అని పేరు. ఏ పనికైతే కనీస వేతనం ఇవ్వదలచుకోరో దానికి ముందు గౌరవం తగిలిస్తారు, గమనించారా? ఒక పేద తల్లికి ఇచ్చే సబ్సిడీని ఇంకో పేద ఆడమనిషి తన జీతంలోంచి కడుతోందన్నమాట. 2023 డిసెంబర్‌లో మొదలై ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు 42 రోజులు సమ్మె చేస్తే వాళ్ల మీద ఎస్మా ప్రయోగించారు. జీతం అడిగినప్పుడు స్వచ్ఛంద సేవకులు, సమ్మె చేసినప్పుడు అత్యవసర సర్వీసు! అంగన్‌వాడీలకు గ్రాట్యుటీ హక్కు ఉందని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

రాజ్యాంగం విద్యార్థుల కోసం ఒక మాట. 45వ అధికరణం మొదట పద్నాలుగేళ్లు నిండేదాకా పిల్లలందరి గురించీ చెప్పింది, కింది వయసు గీత గీయలేదు. 2002లో 86వ సవరణ ఆరు నుంచి పద్నాలుగేళ్ల చదువును ప్రాథమిక హక్కు చేసింది. మనందరం చప్పట్లు కొట్టాం. అదే సవరణ ఆరేళ్లలోపు పిల్లల్ని ఆదేశిక సూత్రాల్లోనే వదిలేసింది. కోర్టుకెళ్లి అడగలేని హక్కు అది. పథకాలకు పేర్లు మారినంత తేలికగా కేంద్రాలు మూతపడటానికి ఇదొక కారణమని నా వాదన. ఒప్పుకోకపోతే ప్రశ్నల సమయంలో అడగండి, నాకూ అదే కావాలి.

క్రెష్ బదులు తల్లి ఖాతాలో డబ్బు వేస్తే చాలదా అని కొందరు ఆర్థికవేత్తలు అంటారు. నగదు అవసరమే. కానీ ఆ డబ్బుతో బిడ్డను ఏ కేంద్రంలో చేర్చాలి? మా వాడలో ప్రైవేటు డేకేర్ లేదు. పక్క వీధిలో ఉన్నా, మా బిడ్డను వాళ్ల పిల్లల పక్కన పడుకోబెడతారో లేదో అక్కడ అడిగితేనే తెలుస్తుంది. వాడ లోపల, ప్రభుత్వ భవనంలో, ప్రభుత్వ జీతం తీసుకునే మనిషి ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే.

చివరగా మన క్యాంపస్ సంగతి. పరిశోధక విద్యార్థినులకు 240 రోజుల దాకా సెలవు ఇవ్వవచ్చని యూజీసీ నిబంధనల్లో ఉంది. సెలవు తీసుకున్నవాళ్లు తిరిగొచ్చాక బిడ్డను ఎక్కడ ఉంచుతున్నారో మీకే తెలుసు. మీ విశ్వవిద్యాలయంలో క్రెష్ ఉందా? ఉంటే హాస్టల్ మెస్‌లో, హౌస్‌కీపింగ్‌లో పనిచేసే ఆడవాళ్ల పిల్లలు ఎంతమంది అందులో ఉన్నారు? కాంట్రాక్టర్ల వారీగా కాకుండా మొత్తం మీద ఎంతమంది పనిచేస్తున్నారు? ఈ మూడు ప్రశ్నలూ ఒకే ఆర్టీఐ దరఖాస్తులో పడతాయి, ఖర్చు పది రూపాయలు. వచ్చే సదస్సుకు మీరు జవాబులతో రండి, నేను వింటాను. జైభీమ్.